చంటిబిడ్డ కొలతకు అంబులెన్సు

నేడు జూబిలీహిల్స్ అనియు ఫిల్మ్‌నగర్ అనియు పిలువబడుచున్న మెట్టప్రదేశము అరువది యేండ్లకు పూర్వము రాతిగుండ్లును, పొదలును, వాని నడుమ నిజాము వంశీయుల చిరాన్ ప్యాలెస్సును తప్ప జనసంచార మంతగా లేని బీడుగా నుండెను. 1960వ దశకమున చల్లగళ్ళ నరసింహంగారి పూనికతో సహకార గృహనిర్మాణ సంఘ మొకటి యేర్పడి, బండలు పగులగొట్టించి, వీథులు తీర్చి, ఇండ్లు లేపుటకు పూనుకొన్నది. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు అన్నపూర్ణ స్టూడియోను ఈ బండలపై నెలకొల్పిరి. అటుపిమ్మట మదరాసులోని తెలుగు చలనచిత్ర పరిశ్రమ మెల్లమెల్లగా ఈ కొండలకు తరలివచ్చినది. నటులు వచ్చిరి, వారి వెనుక సెట్లు వేయు వడ్రంగులు, లైట్‌మెన్లు, మేకప్ పనివారు, డ్రైవర్లు, ప్రొడక్షన్ వంటవారు వచ్చిరి, భవంతుల ప్రక్కనే కొండవాలున బస్తీలు వెలసినవి, రెండింటను బిడ్డలు పుట్టిరి. ఈ కొండల కథ వ్రాయువారు స్టూడియోల ప్రారంభోత్సవములను, తారల గృహప్రవేశములను వర్ణింతురే గాని, నడిరేయి డొక్కలెగురవేయుచున్న పసికందును ఒడిలో నిడుకొని ఒక తల్లి ఏ దారిని, ఏ బండిలో, ఎవరి చేతిమీదుగా వైద్యుని చేరెనో చెప్పరు. నేను చెప్పదలచినది ఆ దారి చరిత్ర.

ఆ దారి చాలకాలము నీలోఫర్ వైపునకే సాగినది. ఏడవ నిజాము రెండవ కుమారుడైన మొజంజాహీ భార్య, తురుష్క రాజవంశపు ఆడుబిడ్డ యైన నీలోఫర్ రాకుమారి, 1949లో తన పరిచారిక యొకతె ప్రసవవేదనలో సరియైన వైద్యమందక మరణించుట చూచి చలించిపోయి, తల్లులకును బిడ్డలకును ప్రత్యేకముగా నొక ఆసుపత్రి యుండి తీరవలెనని పట్టుబట్టగా, రెడ్‌హిల్స్‌లో ఆమె పేరిట ఆ వైద్యాలయము వెలసి 1953లో ద్వారములు తెరచినది. తనకు సంతానము లేని ఆ స్త్రీ పేరును తెలుగు తల్లులు డెబ్బది యేండ్లుగా ఆపదవేళల స్మరించుచున్నారు. తెలంగాణమున ఏ మారుమూల పల్లెలోనైనను బిడ్డకు ప్రాణము మీదికి వచ్చినదన్నచో, "నీలోఫర్‌కు తీసికొనిపొండి" యనుట నేటికిని వినబడుచున్నది. ఆ మాటలో నమ్మకమున్నది. కాని తీసికొనిపోవుట యెట్లో ఆ మాట చెప్పదు. ఆసుపత్రి కట్టుట ఒక యెత్తు. ఆసుపత్రి గుమ్మము తొక్కువరకు ఆ చిన్నప్రాణమును నిలుపుట మరియొక యెత్తు. మొదటిది ఒక రాకుమారి సంకల్పముతో నెరవేరినది. రెండవదానికి మరి యేబది యేండ్లు పట్టినది.

ఆ యేబది యేండ్లలో అంబులెన్సు లేదని కాదు. సర్కారు ఆసుపత్రులలో తెల్లబండ్లు ఉండెడివి. రెడ్‌క్రాస్ వారివియు, సెయింట్ జాన్ వారివియు నుండెడివి. కాని వానిని సామాన్యుడు తన యింటికి పిలిపించుకొను మార్గము తెలియదు. పిలిచినను వచ్చునన్న ధీమా లేదు. వచ్చినను లోపల నుండునది ఒక బల్లయు, ఒకప్పుడు ఒక ఆక్సిజన్ సిలిండరును మాత్రమే. చక్రము పట్టినవాడు తప్ప రోగిని పట్టువాడుండడు. అందుచేతనే మన జనుల మనసులో ఆ బండి ఆసుపత్రికి పోవుదానికంటె ఆసుపత్రినుండి శవమును తెచ్చుదానిగానే నిలిచిపోయినది. బిడ్డకు ఫిట్స్ వచ్చినచో తల్లి ఆటో కొరకు పరుగెత్తెడిది. ఆటో దొరకువరకు ఇరుగుపొరుగువారు బిడ్డ చేతిలో తాళపుచెవుల గుత్తి నుంచెడివారు. ఇనుము తగిలిన ఫిట్స్ ఆగునన్న ఆ నమ్మకము నిరాధారమైనను, ఏదో యొకటి చేయవలెనన్న ఆ తపన నిరాధారము కాదు. ఏమి చేయవలెనో చెప్పువా డచ్చట లేకపోవుటయే లోపము.

ఈ లోపము మన యొక్కరిదే కాదు, అంబులెన్సు జన్మలోనే యున్నది. 18వ శతాబ్ది చివర ఫ్రెంచి సైన్యమునకు వైద్యుడైన డొమినిక్ లారే, గాయపడిన సైనికులను యుద్ధము ముగియువరకు నేలపై పడియుండనీయక, పోరు సాగుచుండగనే తరలించుటకు తేలికపాటి గుఱ్ఱపుబండ్లను సిద్ధపరచెను. నేటి అంబులెన్సులకు అవియే మూలము. తరువాతి మార్పులును అత్యధికముగా యుద్ధభూములనుండియే వచ్చినవి. అమెరికాలో 1966 నాటికి కూడ అనేక పట్టణములలో అంబులెన్సు నడుపువారు శవసంస్కారముల వ్యాపారస్థులే. శవపేటిక పట్టు బండిలో బ్రతికియున్నవాడును పట్టును గనుక. ఆ యేట అక్కడి విద్వత్సంఘము ప్రమాద మరణములపై నొక నివేదిక ప్రకటించి, కొరియా, వియత్నాం రణరంగములలో గాయపడిన సైనికునికి లభించు సత్వరచికిత్స స్వదేశపు రాజమార్గముపై పడిన పౌరునకు లభించుట లేదని యెలుగెత్తి చెప్పగా, పాలకులలో కదలిక కలిగినది. బండ్లు మారినవి, టెక్నీషియన్లు తయారైరి. కాని స్ట్రెచరు పొడవు, మాస్కు వెడల్పు, సూది మందము, మందు మోతాదు—అన్నియు ఆ సైనికుని దేహమునకు కొలిచినవే. ఇరువదియేండ్ల యువకుని కొలతకు కుట్టిన ఆ చొక్కాను మూడునెలల బిడ్డకు తొడిగి లోకము చాలకాలము తృప్తిపడినది.

బిడ్డ యనగా పొట్టి మనిషి కాడు. ఈ సంగతి మంత్రసానికి తెలిసినంతగా యంత్రములు చేయువారికి తెలియలేదు. శిశువు తల దేహముతో పోల్చిన పెద్దది. వానిని చదునైన పలకపై వెల్లకిల పరుండబెట్టినచో తల ముందునకు వంగి, మెత్తని ఊపిరిగొట్టము నొక్కుకొనిపోవును. భుజముల క్రింద మడిచిన తువ్వాలు ఒకటి యుంచినంతమాత్రమున ఆ దారి తెరచుకొనును. పెద్దవాని గొంతులో ఒక మిల్లీమీటరు వాపు దగ్గు తెప్పించును. పసివాని గొంతులో అదే వాపు ప్రాణము తీయగలదు. మూడు కిలోల శిశువు ఒంటిలో నుండు నెత్తురంతయు సుమారు పావులీటరు మాత్రమే. పెద్దవాని గుండె తన జబ్బుచేత ఆగును. పిల్లవాని గుండె సాధారణముగా ఊపిరి అందకపోవుటచేత మెల్లగిల్లి మెల్లగిల్లి ఆగును. కావున పిల్లవాని విషయమున మొదట చూడవలసినది శ్వాస. మరియొక వంచన కలదు: నెత్తురుగాని నీరుగాని కోల్పోయిన పిల్లవాడు తన రక్తపోటును చివరివరకు బిగబట్టి నిలుపుకొని, చూచువారికి బాగుగనే యున్నట్లు తోచి, ఒక్కసారిగా కుప్పకూలును. అనుభవము లేని టెక్నీషియన్ ఆ బిగింపును చూచి కుదుటపడెనని భ్రమించును. తడిసిన నవజాతశిశువు నిమిషములలో చల్లబడును. పాలు త్రాగని బిడ్డకు నెత్తురులో చక్కెర త్వరగా తగ్గును. మందన్నచో బిడ్డ బరువును బట్టి దశాంశములలో లెక్కింపవలెను. ఒక్క చుక్క స్థానము తప్పినచో మోతాదు పదిరెట్లగును. కదలుచున్న బండిలో, తల్లి యేడ్చుచుండగా, సైరన్ మ్రోగుచుండగా, రాత్రి రెండుగంటలకు ఈ లెక్క వేయుమనుట ఎంతటి భారమో ఊహించుడు.

ఆ భారమును తగ్గింపవలెనన్న ఆలోచన మొదట శాసనరూపము దాల్చినది అమెరికాలో. హవాయీ ద్వీపములలో శిశువైద్యుడైన కాల్విన్ సియా పోరునకు, అక్కడి సెనేటరు డేనియల్ ఇనౌయే పలుకుబడి తోడుకాగా, 1984లో పిల్లల అత్యవసర సేవలకై ఒక ప్రత్యేక పథకము వెలసినది. ఆ దశకముననే నార్త్ కరొలైనాలో జేమ్స్ బ్రోస్లో అను వైద్యుడు, బిడ్డ పొడవును బట్టి బరువును ఊహించి, ఆ బరువునకు తగు మందుల మోతాదులను, గొట్టముల పరిమాణములను రంగుల గడులలో ముద్రించిన పొడవాటి పట్టీ నొకదానిని కల్పించెను. బిడ్డ ప్రక్కన దానిని పరచి, మడమ ఏ రంగు మీద నిలిచెనో చూచినచో చాలును. లెక్క వేయనక్కర లేదు. 1988లో పిల్లల ప్రాణరక్షణ శిక్షణక్రమ మొకటి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఆరంభించినది. బ్రోస్లో పట్టీ మన దేశమునకును వచ్చినది. కాని ఆ పట్టీ అమెరికా బిడ్డల పొడవు బరువులపై ఆధారపడినది. భారతీయ బాలబాలికలపై దానిని పరీక్షించిన వైద్యులు, పదికిలోలు దాటిన మన పిల్లల బరువును అది పదింట ఒకవంతు ఎక్కువగా చూపుచున్నదని 2008లో ప్రకటించిరి. బక్కపలుచని మన బిడ్డకు బొద్దుబిడ్డ మందు పడునన్నమాట. పరదేశపు జ్ఞానమును తెచ్చుకొనుట మంచిదే. తెచ్చుకొని మన బిడ్డ ప్రక్కన పరచి చూచుట అంతకంటె ముఖ్యము.

ఇక మన కొండలకు వత్తము. 1988లో, డాక్టరు ప్రతాప్ సి. రెడ్డిగారు మదరాసులో స్థాపించిన అపోలో సంస్థ జూబిలీహిల్స్‌లో, ఫిల్మ్‌నగర్ అంచున, ఒక పెద్ద ఆసుపత్రిని తెరచినది. దానికెదురుగనే భారతీయ విద్యాభవన్ వారి పాఠశాల కలదు. ఉదయము వేళ ఒకే రోడ్డున ఒక ప్రక్క బడిపిల్లల బస్సులును, ఒక ప్రక్క రోగుల బండ్లును నిలిచియుండు ఆ చోటు, పిల్లల అత్యవసర వైద్యమును గురించి యోచించువారికి తగిన స్థలమే. తరువాత అపోలోవారు 1066 అను నంబరుతో తమ అంబులెన్సులను నడిపిరి. 1999లో బంజారాహిల్స్‌లో రెయిన్‌బో వారి పిల్లల ఆసుపత్రి వెలసినది. ఈ విధముగ కొండమీది కలిగినవారి బిడ్డలకు దగ్గరలోనే గడప దొరకినది. కాని ఒక్కొక్క ఆసుపత్రి తన బండిని తన గడపకే తెచ్చుకొనును. ఊరికంతకును ఒకే నంబరు, పిలిచిన ప్రతివాని కడకు పోవు బండి, డబ్బడుగని బండి, అప్పటికింకను లేదు.

2005 ఆగస్టు 15న ఆ బండి వచ్చినది. బైర్రాజు రామలింగరాజుగారి కుటుంబపు పూనికతో హైదరాబాదులో ఏర్పడిన ఇ.ఎం.ఆర్.ఐ. అను సంస్థ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొని, 108 అను నంబరుతో తన సేవను ఆరంభించినది. మేడ్చల్ దారిలోని దేవరయాంజాల్ వద్ద ఫోను పలుకువారు కూర్చుందురు. బాధితుని మాట విని, చోటు తెలిసికొని, సమీపపు బండిని పంపుదురు. బండిలో ఇద్దరు: నడుపువానికి పైలట్ అనియు, రోగిని చూచువానికి టెక్నీషియన్ అనియు పేర్లు. రోగిని పట్టువాడు బండిలో నుండుట, అదియును పల్లెపల్లెకు నుండుట, మన గడ్డపై అదే మొదలు. ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డిగారు సభలలో ఆ బండి కూతను "కుయ్ కుయ్ కుయ్" అని అనుకరించి చెప్పినప్పుడు జనము కేరింతలు కొట్టెడివారు; శవపుబండి యన్న పాతభయము ఆ కేరింతలలోనే కరిగిపోయినదని నా నమ్మకము. ఏ శాస్త్రగ్రంథమును చేయలేని మేలును ఆ మూడు కూతలు చేసినవి. 2009 జనవరిలో రామలింగరాజుగారి సత్యం కంపెనీ లెక్కల మోసము బయటపడి ఆయన చెరసాలకేగినపుడు, బండ్లు ఆగిపోవునేమో యని రాష్ట్రమంతయు కలవరపడినది, జి.వి.కె. సంస్థ ఆ బాధ్యత స్వీకరించుటచే సేవ నిలిచినది. స్థాపకుని దోషమును స్థాపించిన దాని మంచిని వేర్వేరుగా తూచగల వివేకము ప్రజలకుండినది.

బిడ్డ ఈ బండిలోనికి ఏ గడపనుండి ప్రవేశించెనో గమనింపదగినది. పాశ్చాత్యదేశములలో ప్రమాదములు, మూర్ఛలు, ఉబ్బసము మొదలగు వానిద్వారా పిల్లలు అంబులెన్సు వారి దృష్టికి వచ్చిరి. మన 108లో మాత్రము బిడ్డ తల్లి కడుపులోనుండియే ఎక్కెను. ఆరంభమునుండియు ఈ సేవకు వచ్చు పిలుపులలో నొప్పులు పడుచున్న గర్భిణులవే పెద్దభాగము. దారి దూరము, గతుకులు, నొప్పులు ఆగవు. బండి చెట్టుక్రింద నిలుచును. టెక్నీషియన్ చేతులలో పురుడు జరుగును. అంతవరకు ఒక రోగి. ఆ క్షణమునుండి ఇద్దరు. తల్లికి నెత్తురు పోవుచుండవచ్చును, బిడ్డ ఏడ్వకపోవచ్చును, చూచువా డొక్కడే. బిడ్డ పుట్టిన తొలి నిమిషములో తుడిచి, వెచ్చబెట్టి, నోరు ముక్కు తెఱపియగునట్లు తల సవరించి, వీపు నిమిరినను ఊపిరి తీయనిచో, అరచేతిలో ఇముడు చిన్న సంచి-మాస్కుతో శ్వాస నందీయవలెను. ఆ ఒక్క నిమిషము తప్పినచో తరువాత ఎంతటి ఆసుపత్రియు పూర్తిగా దిద్దలేని కొరత బిడ్డ మెదడునకు కలుగవచ్చును. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు వైద్యులు 2007 ప్రాంతమునుండి ఇ.ఎం.ఆర్.ఐ. వారితో కలిసి టెక్నీషియన్లకును వారి బోధకులకును శిక్షణ నిచ్చుటలో ఈ తల్లీబిడ్డల సంగతి ముఖ్యస్థానము పొందుటకు కారణమిదియే. మన దేశపు అత్యవసర సేవలో శిశురక్షణ పురిటిమంచము కడ మొదలైనదనుటలో అతిశయోక్తి లేదు. అది మన కొరత నుండి పుట్టిన నేర్పు, అయినను నేర్పే.

ఆ పిమ్మటి మెట్లను త్వరగా దాటుదును. 2009లో భారత వైద్యమండలి అత్యవసర వైద్యమును ప్రత్యేకశాఖగా గుర్తించినది. ఆ యేడే నవజాతశిశువునకు ఊపిరి యిచ్చు ప్రాథమిక శిక్షణను నవజాత్ శిశు సురక్షా కార్యక్రమమను పేర కేంద్రప్రభుత్వము ఆరంభించినది. 2011 జూన్ 1న జననీ శిశు సురక్షా కార్యక్రమము వచ్చి, జబ్బుపడిన నవజాతశిశువును సర్కారు ఆసుపత్రికి ఉచితముగా చేర్చుట, అచ్చటినుండి పెద్దాసుపత్రికి మార్చుట, తిరిగి యింటికి దింపుట హక్కుగా నిలిపినది. తరువాత ఏడాది నిండని బిడ్డలకును అది విస్తరించినది. రాష్ట్రము రెండైన పిమ్మట, ఆంధ్రప్రదేశ్‌లో 2020 జూలై 1న కొత్తగా కదిలిన 108 బండ్లలో 26 నవజాతశిశువులకే ప్రత్యేకించినవి. ఇంక్యుబేటరును, చిన్నప్రాణమునకు తగు శ్వాసయంత్రమును అమర్చిన ఆ బండ్లు మన చరిత్రలో నొక మలుపు: బిడ్డను పెద్దల బండిలో సర్దుట పోయి, బిడ్డ కొలతకు బండి కట్టుట వచ్చినది. తెలంగాణములో 2023 ఆగస్టు 1న ఒక్కనాడు బయలుదేరిన 466 వాహనములలో 204 నూటయెనిమిదివి, 228 తల్లీబిడ్డలను ఆసుపత్రికిని యింటికిని చేర్చు అమ్మఒడి బండ్లు.

బండ్ల లెక్కలు చెప్పుట సులువు. ఫిల్మ్‌నగర్ బస్తీ మెట్లు ఎక్కుట సులువు కాదు. కొండవాలున ఒకదానిపై నొకటిగా నిలిచిన ఆ యిండ్ల నడుమ దారులు మనిషి వెడల్పు; బండి క్రింద రోడ్డుపై ఆగవలసినదే; మిగిలిన దూరము బిడ్డ ఎవరి చేతులలోనైనను దిగవలెను. పాడేరు ఏజెన్సీలో డోలీ కట్టుకొని గర్భిణిని మోసికొని వచ్చు గిరిజనుల చిత్రములను పత్రికలలో చూచి మనము నిట్టూర్తుము. ఏజెన్సీకి అడవి అడ్డము. ఇచ్చట అద్దాలమేడల కనుచూపుమేరలోనే మెట్లు అడ్డము. హైదరాబాదు వీథులలోనికి 108 మోటారుసైకిళ్ళు వచ్చుట ఈ ఇరుకును గుర్తించుటయే. ఇట్టి చోట మొదటి టెక్నీషియన్ తల్లియే, లేదా పొరుగింటి యువకుడే. అతనికి దేవరయాంజాల్‌లో ఫోను పలుకువారు చెప్పు మాటయే మొదటి మందు. "బిడ్డను ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టుడు, నోటిలో ఏమియు పెట్టకుడు, ఎంతసేపు కొట్టుకొనెనో గడియారము చూడుడు" అను మూడు వాక్యములు సకాలమున చెవిని పడినచో తాళపుచెవుల గుత్తి అవసరముండదు. అంబులెన్సును పిల్లలకై సిద్ధపరచుట యనునది బండిలో మొదలుకాదు, ఫోనులో మొదలగును.

బండిలోనివారి సంగతి చెప్పవలసియున్నది. అమెరికాలో అంబులెన్సు పిలుపులలో పిల్లలవి సుమారు పదింట ఒకవంతు. వానిలో ప్రాణాపాయమైనవి మరింత స్వల్పము. మన దగ్గర పురుళ్ళను తీసివేసి చూచినచో, ఊపిరి ఆగిన రెండేండ్ల బిడ్డను ఒక టెక్నీషియన్ ఏళ్ళ తరబడి చూడకపోవచ్చును. చేయని పని చేతికి మరపు వచ్చును. శిక్షణపత్రము గోడమీద నుండును. శిశువు రొమ్ము నొక్కు లయ మాత్రము ఆరునెలలలో సడలును. దీనికి విరుగుడుగా 2006లో అమెరికా వైద్యవిద్వాంసుల సంఘ మొకటి చెప్పిన ఉపాయము నాకు మిక్కిలి నచ్చినది: ప్రతి అంబులెన్సు సంస్థలోను, ప్రతి అత్యవసర విభాగములోను పిల్లల సంసిద్ధతకు పేరుపెట్టి బాధ్యులను నియమింపుడనిరి. అటుపిమ్మటి పరిశీలనలలో, అట్టి బాధ్యుడున్న ఆసుపత్రుల సంసిద్ధత లేనివానికంటె మెరుగైనదనియు, సంసిద్ధత మెరుగైనచోట తీవ్రవ్యాధిగ్రస్తులైన పిల్లల మరణములు తగ్గినవనియు తేలినది. దానికి కోట్లు అక్కరలేదు. శిశువు మాస్కు, పసివాని మాస్కు, పిల్లవాని మాస్కు మూడును సంచిలో నున్నవా. చక్కెర చూచు పరికరములో పట్టీలు అయిపోయినవా. నెలకొకసారి బొమ్మపై చేయి సాధన జరిగినదా. గడచిన నెలలో ఎక్కిన ప్రతి బిడ్డ కాగితమును ఎవరైన తిరిగి చదివిరా—ఈ నాలుగు ప్రశ్నలు విసుగు లేక అడుగు ఒక మనిషి చాలును. అందరి పనియైనది ఎవరి పనియు కాదని మన పంచాయతీలకు తెలిసినదే. అట్లే, బండిలో ఇంక్యుబేటరు లేనిచో తల్లి రొమ్మున్నది: 1978 ప్రాంతమున కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక వైద్యులు తక్కువ బరువు బిడ్డలను తల్లుల గుండెలకు చర్మము తాకునట్లు కట్టి వెచ్చగ నుంచిన పద్ధతి, చీర కొంగు గల ఏ అంబులెన్సులోనైనను సాధ్యమే.

ఇక చలనచిత్రము. ఈ కొండలపై నుండి ఈ విషయమును వ్రాయుచు దానిని విడుచుట న్యాయము కాదు. తెలుగువారికి ప్రథమచికిత్స నేర్పినది బడి కాదు, సినిమా. నీట మునిగిన పాత్రను ఒడ్డునకు చేర్చి పొట్ట నొక్కగా నోటినుండి ధారగా నీరు చిమ్ముట; పాము కరచినచోట నాయకుడు నోటితో విషము పీల్చి ఉమ్ముట; మూర్ఛిల్లినవాని ముఖమున నీళ్ళు చల్లగనే లేచి కూర్చుండుట—ఇవి తరతరములుగా తెరపై చూచి మన ఒంటికి పట్టినవి. చెరువు గట్టున పల్లెవారు మునిగిన బిడ్డ పొట్టను నొక్కుచున్నారన్నచో, ఆ నొక్కుడులో వాంతియై అది ఊపిరితిత్తులలోనికి పోవుననియు, ఆ బిడ్డకు కావలసినది తక్షణము నోటిలోనికి ఊపిరియు రొమ్ముపై ఒత్తిడియు ననియు వారికి తెలియదు. తెరపై చూచినదే వారు చేసిరి. తెలియక తీసినవారిని నేను నిందింపను. నాటి వైద్యగ్రంథములే కొన్ని తప్పుదారిన నడచినవి. కాని ఈ పరిశ్రమ పిలిచిన జనము కదలుదురనుటకు సాక్ష్యము ఈ కొండపైననే కలదు. 1998 అక్టోబరు 2న చిరంజీవిగారు జూబిలీహిల్స్‌లో రక్తనిధిని తెరచి అభిమానులను పిలువగా, కటౌట్లకు పాలు పోయు చేతులే నెత్తురు నిచ్చుటకు చాచబడినవి. మహేశ్‌బాబుగారు పుట్టుకతో గుండెలో లోపమున్న బిడ్డలకు శస్త్రచికిత్సలు చేయింపగా వేయికి పైబడిన పసిగుండెలు చక్కబడినవి. రక్తమును గుండెను పట్టించుకొన్న ఈ వీథి, ఊపిరిని కూడ పట్టించుకొనగలదు.

చిత్రారంభమున పొగాకు చేటును గూర్చిన ప్రకటనను ప్రేక్షకు లందరును ఏళ్ళతరబడి చూచి కంఠస్థము చేసిరి. అంతటి నిడివిలోనే, ఒక్క నిమిషములో, ఒక నటుడు ఏడాది నిండని బిడ్డబొమ్మను గట్టిబల్లపై పరుండబెట్టి, ముందుగా 108కి ఫోను చేయించి స్పీకరు తెరపించి, రెండు చేతులతో రొమ్మును చుట్టిపట్టి, చనుమొనల గీతకు కాస్త దిగువన రెండు బొటనవ్రేళ్ళుంచి, నాలుగు సెంటీమీటర్ల లోతున ముప్పదిమార్లు నొక్కి, నోరు ముక్కు కలిపి మూతపడునట్లు తన నోరుంచి బుగ్గలలోని గాలిని మాత్రము రెండుమార్లు మెల్లగ నూది, మరల ముప్పదిమార్లు నొక్కుట చూపవచ్చును. ఆ బొమ్మ ఏ వైద్యకళాశాలలోనైన దొరకును. దానిని నొక్కు లయ నిమిషమునకు నూరు మొదలు నూటయిరువది, మన సంగీత దర్శకులు కళ్ళు మూసికొని తాళము వేయగల వేగమే.